మీరు మ్యూట్‌లో ఉన్నారు

మా బడికి కప్పు వేయించమని మూడేళ్ళు వరసగా అర్జీలు పెట్టుకున్నాం. నాలుగో ఏడు తెర పంపారు.

తెర పెద్దదే. ఇద్దరు పడుకునే మంచమంత ఉంటుంది. దాంతోపాటు ఒక నల్ల పెట్టె, రెండు బ్యాటరీలు, బడి పైన బిగించడానికి మూకుడులాంటి ఒక రేకు, ఇవన్నీ చుట్టి తెచ్చిన అట్టపెట్టెలు వచ్చాయి. ఊళ్ళో ముందు గిరాకీ వచ్చింది అట్టపెట్టెలకే. బడి వంటమనిషి రెండు, ప్రెసిడెంటు నాలుగు పట్టుకుపోయారు. మిగిలినవాటిని విప్పదీసి, కప్పుకి చిల్లులున్న చోట నేనే అడ్డం పెట్టాను. ఆ లెక్కన పైవాళ్ళు మా అర్జీ చదవలేదని అనడానికి లేదు.

నేను ఊరి పంపు ఆపరేటర్ని. తాగునీళ్ళ మోటారు వేయడం, ట్యాంకు నిండాక ఆపడం నా పని. కరెంటు తీగలతో పెట్టుకుని ఇంకా బతికున్నవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే కాబట్టి తెర బిగించే పని కూడా నా నెత్తినే పడింది. బడికి రెండు గదులు. వాన వస్తే ఒక గదిలో బయటా లోపలా తేడా తెలియదు. రెండో గదిలో కాస్త మొహమాటపడుతూ కురుస్తుంది. మొహమాటపడే గదిలో బిగించాను.

తెర వెంట ఒక సారు కారులో వచ్చాడు. మెడలో పట్టీ, పట్టీకి ఫోటో ఉన్న కార్డు. పేరు చెప్పాడు గానీ మాకెవరికీ నోరు తిరగలేదు. మెడపట్టీ సారు అన్నాం. ఆయన రిబ్బను కత్తిరించి, ఇకనుంచి ప్రపంచమంతా ఈ గదిలోకే వస్తుందని గట్టిగా చెప్పాడు.

వంటమనిషి గది నాలుగు మూలలూ చూసింది. "ఎక్కడ కూర్చుంటారు బాబూ అంతమందీ?" అంది.

ప్రపంచం రాలేదు గానీ టీచరమ్మ వచ్చింది. ఆవిడ ఎక్కడో చాలా దూరంలో, తన ఇంట్లో కూర్చుని పాఠం చెబుతుంది. ఇక్కడ తెర మీద కనిపిస్తుంది. ఆవిడ వెనక పుస్తకాల అర, నీలం కర్టెను ఉంటాయి. అప్పుడప్పుడూ ఒక బలిసిన తెల్ల పిల్లి బల్ల మీంచి నడిచిపోతుంది. పిల్లి కోసమే బడికి వచ్చే పిల్లలు అయిదారుగురుండేవారు. ఏదైతేనేం, వచ్చేవారు. టీచరమ్మ మంచిగానే చెప్పేది. భూమి బొమ్మని వేలితో తిప్పేది, గుండెకాయని కోసి లోపల ఏముందో చూపించేది. మా మాస్టారు ఇరవై రెండేళ్ళలో భూమిని ఒక్కసారి కూడా తిప్పలేదు.

మాస్టారి గురించి చెప్పాలి. అయిదు తరగతులకీ ఆయనొక్కడే. బోర్డు మీద ఆయన రాత చూస్తే చెరపడానికి చెయ్యి రాదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక కునుకు తీస్తాడు, అది ఊరంతా ఒప్పుకున్న విషయమే. ఆయనకి ఉన్న అసలు జబ్బు వేరు. జన్మలో "తెలీదు" అన్న మాట అనలేదు. చంద్రుడు మన వెంటే ఎందుకొస్తాడని అడిగితే, "మనమంటే ఇష్టం" అన్నాడు. విమానం ఎందుకు పడిపోదని అడిగితే, "అందరూ టికెట్టు కొనుక్కుని ఎక్కుతారు, ఎలా పడుతుంది?" అన్నాడు. ఏదైనా చెప్పేముందు కళ్ళజోడు తీసి తుడుస్తాడు. కళ్ళజోడు తీశాడంటే లోపల వంట మొదలైందని అర్థం.

ఇక తెరకి ఒక తిక్క ఉంది. దానికి కారణం నేనే.

రోజూ పదింబావుకి మోటారు వేస్తాను. బడికీ మోటారుకీ ఒకటే లైను. మోటారు ఒక్కసారి గుంజితే ఊళ్ళో దీపాలన్నీ తల దించుకుంటాయి. నల్ల పెట్టె ఒక్క క్షణం చచ్చి మళ్ళీ బతుకుతుంది. బతికాక చూపు ఉంటుంది, మాట ఉంటుంది, చెవి మాత్రం మూసుకుని ఉంటుంది. టీచరమ్మ మాట మాకు వినిపిస్తుంది, మా మాట ఆవిడకి వినిపించదు. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. కింద ఉన్న బొత్తం నొక్కితే ఎర్రది పోయి పచ్చది వస్తుంది, చెవి తెరుచుకుంటుంది. మొదటి వారంలోనే బొటనవేలితో కనిపెట్టాను. చెవి బొత్తం అని పేరు పెట్టుకున్నాను.

"మాస్టారూ, ఎర్రదీపం వస్తే ఇది నొక్కండి" అన్నాను.

"నాకు తెలుసు" అన్నాడాయన. షాకు కొడుతుందని భయపడి ఎప్పుడూ ముట్టుకోలేదు.

నేను మోటారు వేసి, ట్యాంకు నిండేదాకా చూసి, తిరిగి వచ్చేసరికి గంట. వచ్చి బొత్తం నొక్కి పోయేవాణ్ణి. ఆ గంటలో గదిలో ఏం జరిగేదో నేను ఎరగను. తర్వాత తెలిసింది.

టీచరమ్మ ఒక ప్రశ్న అడిగేది. పిల్లలు జవాబు చెప్పేవారు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టి, "పిల్లలూ, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అనేది.

ఇరవై ముగ్గురూ లేచి నిలబడి, "అవును టీచర్!" అనేవారు.

"వినపడట్లేదు. మీరు మ్యూట్‌లో ఉన్నారు."

"అవునూ టీచర్!"

ఆవిడ నవ్వి, చెయ్యి ఊపి, పాఠం చెప్పుకుపోయేది. రోజుకి పది పదిహేనుసార్లు ఇదే తంతు.

మా మనవరాలు నాలుగో తరగతి. దాన్ని టపాకాయ అంటారు. నిప్పు తగలకుండానే పేలుతుంది. అదే అడిగింది ఒకరోజు. "మాస్టారూ, మనం మ్యూట్‌లో ఉన్నామంటుందేంటి టీచరు?"

మాస్టారు కళ్ళజోడు తీశాడు.

"ఊళ్ళకి రెండు పేర్లుంటాయే. మనం పిలుచుకునేదొకటి, పైవాళ్ళు పిలిచేదొకటి. పైవాళ్ళ రికార్డుల్లో మనూరి పేరు మ్యూట్. రేపు పైవాళ్ళెవరైనా అడిగితే ఆ పేరే చెప్పాలి. రాసుకోండి."

"అంటే అర్థమేంటి?"

"పేరుకి అర్థమేంటే? నిన్ను టపాకాయంటారు, అర్థం ఉండే అంటున్నారా?"

"ఉండే అంటున్నాం" అన్నారట మిగతా ఇరవై రెండు మందీ.

ఇది విని ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. పక్క టౌను పేరు అప్పటికే మూడుసార్లు మార్చారు. మూడోసారి మార్చిన సంగతి మాకు బస్సు బోర్డు చూస్తేనే తెలిసింది. నమ్మి ఎక్కి, దిగాక గానీ అది పాత టౌనేనని అర్థంకాలేదు. కాబట్టి మా ఊరికీ పైన ఏదో పేరు ఉండే ఉంటుంది. మన పేరు మనకి చివర్న తెలియడం మామూలే.

ప్రెసిడెంటైతే ఏకంగా ఊరి మొదట్లో బోర్డు రాయించాడు. "మ్యూట్ గ్రామం మీకు స్వాగతం పలుకుతోంది." పెయింటరు యావత్తు కింద పెట్టాలా పక్కన పెట్టాలా అని రెండుసార్లు మాస్టారి దగ్గరికి తిరిగాడు. నేనూ ఆ బోర్డు చదివాను. పేరు ఏదైనా నీళ్ళు అవే కదా అనుకున్నాను.

ఏడు నెలలు ఇలా గడిచాక కాగితం వచ్చింది.

ముప్పై మంది కంటే తక్కువ పిల్లలున్న బడులు మూసేస్తారు. పిల్లల్ని వాగవతల పెద్ద బడిలో కలుపుతారు. తెర ఉన్న బడికి మాత్రం ఒక సడలింపు. తెర మీద పరీక్ష పెడతారు. పది ప్రశ్నలు. కనీసం పదిహేను మందికి ఆరేసి మార్కులు వస్తే బడి ఉంటుంది. రాకపోతే తెర విప్పుకుపోతారు, బడికి తాళం వేస్తారు.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఇటుక బట్టీ నుంచి వచ్చి, జుట్టులో ఎర్రదుమ్ము దులుపుకోకుండానే నా ముందు కూర్చుంది.

"వాగవతలకి దాన్ని పంపను నాన్నా."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"విన్నానని."

"నేను అయిదు పాసయ్యాక ఆ వాగు దగ్గరే ఆగిపోయాను. వానాకాలం నాలుగు నెలలు నడుంలోతు నీళ్ళు. అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. "వద్దులే" అన్నాను. నేను జన్మంతా మాట్లాడింది ఒక సంచికి కూడా నిండదు. అందులోంచి ఒక మాట వెనక్కి తీసుకోనిస్తే అది తీసుకుంటాను.

"ఈ బడి ఉంటే ఇది చదువుతుంది. లేకపోతే రెండేళ్ళలో నా పక్కన ఇటుకలు మోస్తుంది. అంతే" అంది.

టపాకాయ గుమ్మంలో నిలబడి వింటోంది. పేలలేదు.

దానికీ నాకూ మధ్య ఒక సైగ ఉంది. నేను పంపు షెడ్డు వెనక సిగరెట్టు కాలుస్తాను. దగ్గు వచ్చాక మా అమ్మాయి మానిపించింది, అంటే షెడ్డు ముందు మానేశాను. టపాకాయ ఒకసారి చూసేసింది. నేను పెదాల మీద వేలు పెట్టి చూపించాను. "చెప్పను" అంది. ఇంతవరకూ చెప్పలేదు. దాని నోట్లో ఆగిన రహస్యం ప్రపంచంలో అదొక్కటే.

పరీక్షకి వారం ముందు మెడపట్టీ సారు మళ్ళీ వచ్చాడు. పెట్టెకి కొత్త బుద్ధి ఎక్కించాడు. ఇక బొత్తాలు నొక్కక్కర్లేదట, నోటితో చెబితే చాలట. "వాల్యూమ్ అప్!" అన్నాడు. శబ్దం పెరిగింది. అందరం చప్పట్లు కొట్టాం.

ప్రెసిడెంటు ముందుకొచ్చి, "ఆగు!" అన్నాడు పెట్టెతో. ఆగలేదు. "ఆగమన్నానా!" అని గద్దించాడు. పెట్టె లెక్కచేయలేదు.

"దానికి దాని మాటలే అర్థమవుతాయండీ" అన్నాడు సారు. "ఇంకోటి, తన లోపల్నించి వచ్చే మాట తను పట్టించుకోదు. ఎదుటివాళ్ళు చెప్పేదే వింటుంది."

మా ప్రెసిడెంటుని తిరగేసి కుట్టినట్టుంది అనుకున్నాను.

పరీక్ష రోజు. పెద్దవాళ్ళెవరూ గదిలో ఉండకూడదన్నాడు సారు. మాస్టార్ని కూడా బయటికి పంపాడు. బయట్నించి ఎవరైనా మాట అందిస్తే పరీక్ష రద్దు. ఆయన ఒక్కడూ లోపల, పెట్టెకి వీపు పెట్టి, తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఫోను తీశాడు. మోటారు వేయొద్దని నాకు ముందే చెప్పారు. ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టి నన్ను తిట్టుకుంటూ వరండాలో నిలబడ్డారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి పెట్టె కనిపిస్తుంది. మాట వినిపించదు, కిటికీకి అద్దం ఉంది. బడి మొత్తంలో పగలని అద్దం అదొక్కటే.

పద్ధతి ఇది. ప్రశ్నలు టీచరమ్మ ముందే చదివి రికార్డు చేసిపెట్టింది. అన్ని ఊళ్ళకీ అవే. పిల్లలు హాజరు నంబరు వరసలో ఒక్కొక్కరే తెర ముందు నిలబడాలి. ఒక్కొక్కరికీ పెట్టె తనంతట తనే పచ్చదీపం వేసి చెవి తెరుస్తుంది. నోటితోనే జవాబు చెప్పాలి. మార్కులు కూడా ఆ పెట్టే వేస్తుంది. అందరూ అయ్యాక టీచరమ్మ స్వయంగా వచ్చి ఫలితం చెబుతుంది.

ఒకటో నంబరు నిలబడింది. పచ్చదీపం వెలిగింది. పిల్ల పెదాలు కదిలాయి. ఎర్రదీపం వెలిగింది.

రెండో నంబరు. పచ్చ. పెదాలు. ఎరుపు.

మోటారు ఆపి ఉంది కదా, ఎరుపెందుకు వచ్చింది? మూడు, నాలుగు, అయిదు. ప్రతివాడికీ అంతే. మొదటిసారి నోరు తెరవగానే పెట్టె చెవి మూసుకుంటోంది. తర్వాత తొమ్మిది ప్రశ్నలకీ పిల్లలు చేతులు కట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, చెవిటి పెట్టెకి చక్కగా జవాబులు చెబుతున్నారు.

తలుపు దగ్గరికి వెళ్ళి ఓరగా తీశాను. "సార్" అన్నాను.

ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా అరచెయ్యి చూపించాడు. "పెద్దాయనా, ఇంకొక్క మాటంటే రద్దు చేస్తాను."

నోరు మూసుకుని వచ్చేశాను. వరండాలో మాస్టారు పెళ్ళికొడుకు తండ్రిలా తిరుగుతున్నాడు.

"మొదటి ప్రశ్న ఏంటి మాస్టారూ?" అన్నాను.

"మీ ఊరి పేరేంటి అని. అన్ని ఊళ్ళకీ అదే మొదటి ప్రశ్నట, పిల్లలకి భయం పోవడానికి. ఆ మార్కు ఎక్కడికీ పోదు, ఏడు నెలలు చిలక్కి నేర్పినట్టు నేర్పాను."

"ఏమని చెబుతారు?"

"మ్యూట్ అని."

మళ్ళీ కిటికీ దగ్గరికి పరుగెత్తాను. పద్నాలుగో నంబరు. పచ్చ. ఈసారి పెదాల మీదే కన్ను వేశాను. పెదాలు ముందు మూసుకున్నాయి, తర్వాత సున్నాలా ముందుకొచ్చాయి. ఎరుపు. పదిహేను. మూసుకున్నాయి, సున్నా, ఎరుపు. ఆ మాట అనగానే పెట్టె చెవి మూసుకుంటోంది. ఆ మాటకి అర్థమేంటో నాకు తెలియదు. ఆ మాటతో దీపం మారుతుందని తెలిసింది. కరెంటు పనిలో అర్థం ఎవడికి కావాలి, ఏది నొక్కితే ఏది వెలుగుతుందో తెలిస్తే చాలు.

పదహారు, పదిహేడు, పద్దెనిమిది పోయారు. పందొమ్మిదో నంబరు మా టపాకాయ.

అది లేచి తెర ముందుకి నడుస్తుంటే అద్దం మీద గోటితో చిన్నగా కొట్టాను. సారు కదల్లేదు. టపాకాయ చూసింది. పెదాల మీద వేలు పెట్టాను.

అది నన్ను చూసింది. నా చేతిలో సిగరెట్టు లేదు. చుట్టుపక్కల వాళ్ళమ్మ కూడా లేదు. కనుబొమ్మలు ముడిచింది. పచ్చదీపం వెలిగింది. ప్రశ్న వచ్చినట్టుంది. అది ఛాతీ ముందుకి పెట్టి ఏదో అంది.

పచ్చదీపం పచ్చగానే ఉంది.

రెండో ప్రశ్న. పచ్చ. మూడు. పచ్చ. నేను అద్దానికి ముక్కు ఆనించి పదిదాకా లెక్కపెట్టాను. ఇరవయ్యో నంబరు పిల్లవాడు దాన్ని అడుగుతూ వెళ్ళాడు, అది వాడి చెవిలో ఏదో ఊదింది. వాడితో కలిపి మిగిలిన నలుగురికీ పచ్చదీపమే.

పరీక్ష అయిపోయింది. తలుపు తీశారు. అందరం తోసుకుంటూ లోపలికి వెళ్ళాం. తెర మీదికి టీచరమ్మ స్వయంగా వచ్చింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు.

"పద్దెనిమిది మందికి సున్నా. అయిదుగురు పాసయ్యారు. ఏమైంది పిల్లలూ? మీరు అసలు నోరే విప్పలేదా?"

"చెప్పాం టీచర్!"

"పందొమ్మిదో నంబరూ, నీకు తొమ్మిది వచ్చాయి. బాగా చెప్పావు. కానీ మీ ఊరి పేరేంటంటే 'చెప్పను' అన్నావేంటమ్మా?"

"తాత చెప్పొద్దన్నాడు టీచర్."

"నీ తర్వాత నలుగురూ అలాగే అన్నారే?"

"వాళ్ళకి నేను చెప్పొద్దన్నాను."

మెడపట్టీ సారు లేచాడు. "బయట్నించి సైగలు చేశారా? ఏం పెద్దాయనా? ఇది కాపీ కొట్టించడం! పరీక్ష రద్దు, రాసేస్తున్నాను."

వరండాలో మా అమ్మాయి కనిపించింది. పని మధ్యలో బట్టీ నుంచి వచ్చేసినట్టుంది, చేతులకింకా మట్టి ఉంది. నావైపే చూస్తోంది. వెనకటికి "వద్దులే" అన్నప్పుడు కూడా ఇలాగే చూసింది.

నేను మాట్లాడాను. "సార్, ఆ పేరంటే పెట్టె చెవి మూసుకుంటోంది. పద్దెనిమిది సార్లు చూశాను. ముందు పచ్చ, పేరు చెప్పగానే ఎరుపు. పిల్లలు అన్నీ చెప్పారు. అది వినలేదు." అంత పొడుగ్గా నేను మాట్లాడగా మా ఊరు ఎప్పుడూ వినలేదు. వంటమనిషి పక్కావిడ భుజం పట్టుకుంది.

"పేరేంటి, మూసుకోవడమేంటి? ఏం పేరది?" అన్నాడు సారు.

ఇరవై ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు. "మ్యూట్!"

సారు కళ్ళ ముందే ఎర్రదీపం వెలిగింది.

తెర మీద టీచరమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "పిల్లలూ, మీరు మ్యూట్‌లో ఉన్నారు."

అందరూ లేచి నిలబడ్డారు. "అవును టీచర్!"

నేను వెళ్ళి చెవి బొత్తం నొక్కాను. పచ్చదీపం వచ్చింది.

టపాకాయ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏడు నెలల్నుంచీ మీరూ అదే అంటున్నారు, మేమూ అవునంటున్నాం. ఇంకా అడుగుతారేంటి టీచర్? మా ఊరు మ్యూట్. బోర్డు కూడా పెట్టారు."

టీచరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో మాకు తెలియలేదు. ఆవిడ బదులు పిల్లి వచ్చి మావైపు చూసింది. టీచరమ్మ ముఖం తుడుచుకుని అంది. "నేను చెప్పిన పాఠాలన్నిట్లో మీరందరూ తప్పులేకుండా నేర్చుకున్న మాట ఇదొక్కటే." తర్వాత ఆ మాటకి అర్థం చెప్పింది. మీ గొంతు నాకు వినపడట్లేదు అని అర్థం, అంది.

ప్రెసిడెంటు మెల్లగా, "మరి బోర్డు?" అన్నాడు.

టీచరమ్మ మళ్ళీ పరీక్ష పెట్టమంది. మెడపట్టీ సారు తల గీక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, కాగితంలో ఉన్నంతవరకూ మంచివాడే. "మళ్ళీ పెట్టాలంటే కారణం గడిలో టిక్కు పెట్టాలండీ. మూడే గడులున్నాయి. వరద, అగ్నిప్రమాదం, ఉపాధ్యాయుడి తప్పిదం."

"పెట్టె తప్పు?" అన్నాను.

"దానికి గడి లేదు."

ప్రెసిడెంటు ఆశగా కప్పు వైపు చూశాడు. ఆ రోజు వాన కూడా లేదు. ఎవరో అగ్గిపెట్టె ఉందా అన్నారు.

అందరం మాస్టారి వైపు తిరిగాం. ఆయన కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచు పట్టుకున్నాడు. ఇక ఏదో వండుతాడు అనుకున్నాం. మ్యూట్ అన్న పేరు మహారాజుల కాలం నుంచీ ఉందనో, పైవాళ్ళే తర్వాత అర్థం మార్చారనో అంటాడు, ఆ గడీ పోతుంది, బడీ పోతుంది.

ఆయన తుడవకుండానే కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"నాకు తెలీదు" అన్నాడు.

"ఏంటండీ?" అన్నాడు సారు.

"ఆ మాటకి అర్థం నాకు తెలీదు. పిల్ల అడిగితే తెలీదనలేక ఏదో చెప్పాను. టిక్కు పెట్టుకోండి."

వెనక బెంచీలోంచి ఒకడు, "మరి విమానం సంగతేంటి మాస్టారూ?" అన్నాడు.

"అదీ తెలీదు. కూర్చో."

సారు టిక్కు పెట్టాడు. మాస్టారు సంతకం పెట్టాడు. అంత అందమైన సంతకం ఆ కాగితం మళ్ళీ చూడదు.

ఆ తర్వాత ఆయన బోర్డు దగ్గరికి వెళ్ళి మా ఊరి అసలు పేరు రాశాడు. ఒక్కో అక్షరం గుండ్రంగా, నిదానంగా. పిల్లల చేత మూడుసార్లు చదివించాడు. సొంత ఊరి పేరు కొత్త పాఠంలా కూడబలుక్కుని చదువుతుంటే బిందెల వరసలో ఆడవాళ్ళు నోరు నొక్కుకున్నారు. చెరిపేసి, సుద్దముక్క జేబులో వేసుకుని, బయటికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఏమైనా అనాలనిపించింది. అప్పటికే నా రోజుకూలీ మాటలు అయిపోయాయి.

మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలైంది. పచ్చ, పచ్చ, పచ్చ. ఏడో నంబరువాడు నోరు ముందుకి పెట్టి, మధ్యలో నాలిక కరుచుకున్నాడట. సగం మాటని పెట్టె పిల్లి కూత అనుకుందేమో, ఊరుకుంది. టపాకాయ ఈసారి నావైపు చూడలేదు. ఊరి పేరు ఎంత గట్టిగా చెప్పిందంటే అద్దంలోంచి నాకు కూడా వినిపించింది.

పదిహేడు మంది పాసయ్యారు. టపాకాయకి పదికి పది. మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అన్ని మాటలు ఎక్కడ దాచావు నాన్నా ఇన్నాళ్ళూ?" అంది. నేను మోటారు వేయడానికి పోయాను. అప్పటికే రెండయింది, బిందెలవాళ్ళు కొట్టేలా ఉన్నారు.

నెల తిరిగేసరికి రెండు కవర్లు వచ్చాయి. మొదటిదాంట్లో బడి కొనసాగుతుందని రాసి ఉంది. చిరునామా, 'మ్యూట్ ప్రాథమిక పాఠశాల'. మొదటి పరీక్షలో పద్దెనిమిది మంది చెప్పిన పేరు పెట్టెలోకి ఎక్కకపోయినా పైన రికార్డులోకి ఎలాగో ఎక్కింది. మార్పించాలంటే అర్జీ పెట్టుకోవాలట. కప్పు అర్జీ సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాం. ప్రెసిడెంటు బోర్డు పీకించే పని తప్పిందని సంతోషించాడు.

రెండో కవరు మాస్టారికి. తప్పిదం చేసినందుకు మూడు రోజుల శిక్షణ. వెళ్ళనక్కర్లేదు, తెర మీదే ఇస్తారు.

మొదటి రోజు ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, పిల్లల బెంచీలో ముందు వరసలో కూర్చున్నాడు. పదింబావుకి మోటారు వేసి వచ్చాను. తెర మీద ఎవరో కొత్తాయన, టై కట్టుకుని, గట్టిగా మాట్లాడుతున్నాడు. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"మాస్టారూ, వినపడుతోందా? మీరు మ్యూట్‌లో ఉన్నారు."

మాస్టారు లేచి నిలబడ్డాడు. "అవునండీ. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను" అన్నాడు.

నేను బొత్తం పక్కనే ఉన్నాను. నొక్కలేదు.